పాత కారు ఒకసారి స్టార్టయి, ఒకసారి మొరాయిస్తుంటే (ప్రసంగ పాఠం)

నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

పూర్తిగా చచ్చిన కారు గురించి కాదు ఈ పూట మన మాటలు. అది తేలిక. ఎప్పుడు తాళం తిప్పినా స్టార్ట్ కాని కారుకి జబ్బు ఎక్కడుందో తేల్చడానికి ఓ గంట చాలు. జబ్బు కదలకుండా అక్కడే కూర్చుని ఉంటుంది కాబట్టి. మనం చూడాల్సింది తొమ్మిదిసార్లు బుద్ధిగా స్టార్టయి పదోసారి మొరాయించే పాత కారు. డాక్టరు గది గుమ్మం తొక్కగానే పంటినొప్పి తగ్గిపోయినట్టు, మెకానిక్కు ముందు నిలబెట్టగానే ఒక్క తిప్పుకి అందుకుంటుంది. ఆయన ఏం చేస్తాడు? బ్యాటరీ మారుస్తాడు. వారం బాగుంటుంది. మళ్ళీ ఆగుతుంది. ఇంజనుని మొదట తిప్పే సెల్ఫ్ మోటరు మారుస్తాడు. పది రోజులు బాగుంటుంది. వారానికోసారి ఆగే బండి మధ్యలో వారం బాగుండటంలో వింత ఏముంది? ఏం మార్చినా మార్చకపోయినా ఆ వారం బాగానే ఉండేది.

అందుకని మొదటే ఒక మాట అనుకుందాం. బాగా నడుస్తున్న కారులో ఈ జబ్బు దొరకదు. మొరాయించిన ఆ ఐదు నిమిషాల్లోనే దొరకాలి. ఆ ఐదు నిమిషాలు వచ్చేనాటికి మనం సిద్ధంగా ఉన్నామా లేదా అన్నదే అసలు విషయం.

'స్టార్ట్ కావడం లేదు' అంటారు కదా, అది ఒక ఫిర్యాదు కాదండి. మూడు. తాళం తిప్పితే సెల్ఫ్ అసలు తిరగకపోవడం ఒకటి. నీరసంగా, ఈడ్చుకుంటూ తిరగడం రెండు. సెల్ఫ్ దివ్యంగా తిరుగుతూనే ఇంజను అందుకోకపోవడం మూడు. మొదటి రెండూ బ్యాటరీ, కేబుళ్ళు, సెల్ఫ్, దానికి ఆజ్ఞ ఇచ్చే వైరు, వీటి దారి. మూడోది స్పార్కు, పెట్రోలు, సెన్సర్ల దారి. ఈ రెండు దారులూ చాలావరకు వేరు. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతున్న కారుకి సెల్ఫ్ మార్చినవాళ్ళున్నారు! కాబట్టి ముందు చెవి పెట్టి వినండి. ఏం శబ్దం వచ్చింది? ఏమీ రాలేదా? ఒక్క 'టక్' అని ఆగిందా? టకటకటక అని వరసగా కొట్టిందా? ఈ మూడు శబ్దాలకీ మూడు అర్థాలున్నాయి. వాటి సంగతి కాసేపట్లో చూద్దాం.

ఇంకొకటి, కారులో చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకోండి. ఫోన్లో రాసుకున్నా సరే. ఆగిన ప్రతిసారీ ఇవి రాయాలి: ఇంజను చల్లగా ఉందా, వేడిగా ఉందా. ఆపి ఎంతసేపైంది, పది నిమిషాలా, రాత్రంతానా, నాలుగు రోజులా. వాన పడిందా. ఏ శబ్దం వచ్చింది. డాష్‌బోర్డు లైట్లు వెలిగాయా, తిప్పినప్పుడు మసకబారాయా, మొత్తానికే ఆరిపోయాయా. చివరికి ఏం చేస్తే స్టార్టయింది. ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు చాలామంది రాయరు. కాసేపు ఆగితే స్టార్టయిందా, తోస్తే స్టార్టయిందా, నాలుగైదుసార్లు తాళం తిప్పితే స్టార్టయిందా అన్నది బంగారంలాంటి సమాచారం. ఐదారుసార్లు రాసేసరికి వరస కనబడుతుంది. వేడి మీద పది నిమిషాలు ఆపితేనే మొరాయించే కారు, నాలుగు రోజులు నిలబెడితేనే మొరాయించే కారు, ఈ రెండింటికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

సెల్ఫ్ తిరగనప్పుడు

బ్యాటరీతో మొదలుపెడదాం. అందరూ దాన్నే అనుమానిస్తారు, సరిగ్గా పరీక్షించేవాళ్ళు తక్కువ. మల్టీమీటరు అందరి దగ్గరా ఉందా? లేకపోతే మామూలుది ఒకటి కొనుక్కోండి, ఖరీదైనది అక్కర్లేదు. కారు ఆపి కొన్ని గంటలైన తర్వాత కొలిస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు, ఆ పైన చూపించాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే దాదాపు అడుగంటినట్టే. ఇప్పుడే తిప్పి ఆపిన బండి మీద కొలిస్తే అంకె ఎక్కువగా చూపించి మోసం చేస్తుంది. ఆగే తీరిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆర్పి, కాసేపాగి కొలవండి.

అయితే ఈ అంకె సగం కథే. బరువు ఎత్తనంతసేపూ ప్రతివాడూ పహిల్వానే కదా! సెల్ఫ్ తిరుగుతుండగా వోల్టేజి ఎంతకి పడిపోతోందో చూడాలి. 10 పైన నిలబడితే బాగున్నట్టు. మామూలు వాతావరణంలో 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ నీరసపడినట్టు, లేదా సెల్ఫ్ మితిమీరి కరెంటు లాగుతున్నట్టు. ఇంజను తిరుగుతుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు పని చేస్తున్నట్టే.

ఇక్కడో పాడు జబ్బు ఉంది. బ్యాటరీ లోపల ఒక అరకీ ఇంకో అరకీ మధ్యనుండే అతుకు పగిలి ఉంటుంది. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపిస్తుంది. తాళం తిప్పగానే లైట్లన్నీ గప్పున ఆరిపోతాయి. వదిలేస్తే మళ్ళీ 12.6. టెర్మినల్ క్లాంపు వదులైనా అచ్చం ఇలాగే ఉంటుంది. మరి తేడా ఎలా తెలుస్తుంది? మీటరు ముల్లు క్లాంపు మీద కాకుండా బ్యాటరీ సీసపు మొన మీద పెట్టండి. తిప్పినప్పుడు మొన మీదే 3 వోల్టులకో 4 వోల్టులకో పడిపోతే జబ్బు బ్యాటరీ లోపల. మొన మీద 12 పైన నిలబడి, క్లాంపు మీద పడిపోతే జబ్బు ఆ రెండింటి మధ్య. అంటే చిలుము. ఒక్క అంగుళం జరిపి కొలిస్తే కొత్త బ్యాటరీ ఖర్చు తప్పుతుంది. చిలుము అంటే తెల్లగా పూసింది ఒక్కటే కాదండోయ్. పైకి నున్నగా ఉండి, క్లాంపు లోపలి అంచున నల్లటి పొర పట్టి ఉంటుంది. క్లాంపు ఊడదీసి, మొననీ క్లాంపు లోపలి భాగాన్నీ మెరిసేదాకా గీకి, బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు రాయాలి. ముందు గ్రీజు, తర్వాత బిగింపు కాదు. ఊడదీసేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. లేదంటే పానా బాడీకి తగిలిందా, నిప్పులే.

ఇప్పుడు చెప్పబోయే పరీక్ష ఒక్కటి నేర్చుకుని వెళ్ళినా చాలు. ఓమ్ మీటరుతో కేబులు పరీక్షించకండి. కుయ్యిమని కూస్తుంది, బాగుందంటుంది. లావు కేబుల్లో వంద తీగలు తెగి ఒక్క తీగ మిగిలినా అలాగే కూస్తుంది. ఆ ఒక్క తీగలో సెల్ఫ్‌కి కావలసిన 150 ఆంపులు పోతాయా? లెక్క వేయండి. ఎక్కడో ఒక అతుకులో నిరోధం ఓమ్‌లో నూరో వంతు, అంటే 0.01 ఓమ్. మామూలు మీటరుకి అది కనబడదు. కానీ 150 ఆంపులు పారితే అక్కడే 1.5 వోల్టులు ఆవిరి. సెల్ఫ్‌కి చేరేది అంత తక్కువ. అందుకని కరెంటు పారుతుండగానే కొలవాలి.

ఎలా? ముందు ఇంజను అందుకోకుండా చూసుకోండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకండి. పాత కార్బ్యురేటర్ బండైతే స్పార్కు పుట్టించే కాయిల్‌కి వచ్చే సన్న వైరు తీయండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి. మీటరు ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మొన మీద, నల్ల ముల్లు సెల్ఫ్ మీదున్న లావు బోల్టు మీద పెట్టి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు లోపు ఉండాలి. తర్వాత ఒక ముల్లు మైనస్ మొన మీద, ఇంకోటి ఇంజను లోహం మీద, రంగూ మురికీ లేని చోట. అక్కడ 0.2, మహా అయితే 0.3. అంతకంటే ఎక్కువ వస్తే ముల్లు కొంచెం కొంచెం జరుపుతూ పోండి. ఏ అతుకు దాటగానే అంకె ఎగబాకిందో అదే దొంగ. ఈ పరీక్షకి మీ బండి మొరాయించి ఉండాల్సిన పని కూడా లేదు. సగం చెడిన అతుకు బాగున్న రోజున కూడా 0.8, 0.9 చూపించి దొరికిపోతుంది. బాగా నడుస్తున్న కారులో జబ్బు దొరకదన్నానే, దానికి ఇదొక మినహాయింపు.

ఇంజనుకీ బాడీకీ మధ్య అల్లిక పట్టీ ఒకటి ఉంటుంది, ఎర్త్ పట్టీ. పాత బండ్లలో చిలుము పట్టి పొడి పొడిగా రాలిపోయి ఉంటుంది. అప్పుడు కరెంటు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబులు గుండానో యాక్సిలరేటర్ కేబులు గుండానో పోతుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబులు ముట్టుకుంటే వేడిగా ఉంటే వెంటనే ఎర్త్ చూడండి. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు తేలికైన పరీక్ష, ఒక జంపర్ కేబులు తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజను లోహానికి తగిలించండి. సెల్ఫ్ తిరిగిందా, ఎర్త్ పోయినట్టే.

ఇక ఆ శబ్దాల సంగతి. టకటకటక అని వరసగా కొట్టడం ఎందుకు వస్తుంది? సెల్ఫ్ మీదుండే అయస్కాంతపు స్విచ్చి, అంటే సోలనాయిడ్‌లో రెండు తీగ చుట్లుంటాయి. ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. లాగగానే రాగి ముక్కలు కలుస్తాయి, మోటరు కరెంటు గుంజుతుంది, నీరసపు బ్యాటరీ వోల్టేజి కుప్పకూలుతుంది. పట్టి ఉంచే చుట్టుకి బలం చాలదు, వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి కోలుకుంటుంది, మళ్ళీ లాగుతుంది. కాబట్టి టకటక అంటే చాలావరకు సోలనాయిడ్ బాగున్నట్టే, ఆజ్ఞ వచ్చింది, పైనుంచి బలం చాలడం లేదు. బ్యాటరీ, టెర్మినళ్ళు, ఎర్త్ చూడాలి.

ఒక్క 'టక్' అని ఆగితే? హెడ్‌లైట్లు వేసి తిప్పండి. లైట్లు బాగా మసకబారితే కరెంటు పారుతోంది గానీ మోటరు తిరగడం లేదు. ఇరుక్కుందో, లోపల షార్టో. లైట్లు చెక్కుచెదరకపోతే సోలనాయిడ్ లాగింది గానీ మోటరుకి కరెంటే చేరలేదు. లోపల రాగి కాంటాక్టు ముక్కలు అరిగిపోయి ఉండాలి, లేదా కార్బన్ బ్రష్‌లు పొట్టివైపోయి, మోటరులోకి కరెంటు తీసుకునే రాగి ఉంగరానికి, అంటే కమ్యుటేటరుకి అందడం లేదు. ఈ రెండూ ఒకసారి పనిచేసి ఒకసారి ఆగే జబ్బులే. అరిగిన ముక్క ఏ వైపు తిరిగి ఆగిందన్నదాన్నిబట్టి ఉంటుంది. మళ్ళీ మళ్ళీ తిప్పితే ఏదో ఒకసారికి అందుకునేది కాంటాక్టులు. సెల్ఫ్ ఒంటి మీద చిన్న సుత్తితో నెమ్మదిగా తడితే అందుకునేది ఎక్కువగా బ్రష్‌లు. తట్టడం వైద్యం కాదండి, రోగం తెలుసుకోవడం మాత్రమే. చాలా సెల్ఫ్‌లలో ఈ కాంటాక్టులూ బ్రష్‌లూ విడిగా దొరుకుతాయి. మొత్తం సెల్ఫ్ మార్చాల్సిన పని ఉండదు. 'మొత్తం మార్చేద్దాం' అనే మాటకి తొందరగా తలూపకండి.

అసలు ఏ శబ్దమూ రాకపోతే? లైట్లు బాగానే ఉన్నాయి, తిప్పితే నిశ్శబ్దం. అప్పుడు జబ్బు ఆజ్ఞ వైరులో. తాళం దగ్గర స్విచ్చి, అక్కడినుంచి క్లచ్ స్విచ్చి, ఆటోమేటిక్ అయితే గేరు స్విచ్చి, తర్వాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), ఆపైన సోలనాయిడ్ మీది సన్న టెర్మినల్. చాలా బండ్ల వైరింగ్ పటాల్లో దానికి 50 అని అంకె ఉంటుంది. ఆటోమేటిక్‌లో పి బదులు ఎన్‌లో పెట్టి ప్రయత్నించండి. తాళం తిప్పి పట్టుకునే చోట కొంచెం ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. రిలేని పక్కనున్న అదే రకం రిలేతో మార్చి చూడండి. కానీ ఒక్కోసారి ఒక్కటే! మూడూ కలిపి చేసి, స్టార్టయ్యాక ఏది బాగుచేసిందో తెలియక తల గోక్కోవద్దు. కనెక్టరు పీకి మళ్ళీ గుచ్చినా చాలు, రాపిడికి పొర పోయి నెల్లాళ్ళు బాగుంటుంది. ఏది ముట్టుకున్నామో పుస్తకంలో రాసుకుంటేనే ఆ నెల తర్వాత అక్కరకొస్తుంది.

వేడి మీద మాత్రమే 'టక్' కూడా రాకుండా ఆగే బండి ఒక రకం. పొగగొట్టం పక్కనే సెల్ఫ్ ఉన్నవాటిలో ఎక్కువ. కారణం లెక్కకి దొరుకుతుంది. రాగి వేడెక్కితే ఒక్కో డిగ్రీకి నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. సోలనాయిడ్ 80 డిగ్రీలు అదనంగా వేడెక్కిందనుకోండి, నిరోధం 30 శాతం పైన పెరిగినట్టు. దాంతో కరెంటు తగ్గి, లాగే బలమూ తగ్గుతుంది. పాత తాళం స్విచ్చి ఒకటిన్నర వోల్టు మింగేస్తే ఇక లాగదు. చల్లారితే లాగుతుంది. అప్పుడు సెల్ఫ్ మార్చినా కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. తాళం స్విచ్చి మీద బరువు పడకుండా 50 వైరు మధ్యలో ఒక రిలే పెట్టి, సోలనాయిడ్‌కి బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో కరెంటు ఇస్తే చాలా బండ్లలో సర్దుకుంటుంది.

సెల్ఫ్ తిరిగి, ఇంజను అందుకోనప్పుడు

ఇప్పుడు మూడో రకానికి వద్దాం. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. మొదట చేసేపని ఏమిటో తెలుసా? కొట్టడం ఆపడం. పది సెకన్లకి మించి ఒక్కసారిగా సెల్ఫ్ కొట్టొద్దు, కొట్టాక కనీసం అర నిమిషం విశ్రాంతి ఇవ్వాలి. లేదంటే ఉన్న జబ్బుకి తోడు బ్యాటరీ అడుగంటుతుంది, ప్లగ్గులు తడిసిపోతాయి, సెల్ఫ్ మాడుతుంది. అసలు జబ్బు వాటి కింద దాక్కుంటుంది.

తాళం ఆన్ వరకే తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా, చెవి రిక్కించండి. ఇంజక్షన్ బండైతే, అంటే కంప్యూటరు చెప్పినట్టు పెట్రోలు చిమ్మే రకమైతే, వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు పంపు గుంయ్‌మని ఆగాలి. రాలేదా? పంపు రిలే, ఫ్యూజు, పంపు కనెక్టరు, పంపు, ఇవీ వరస. పాత బండ్ల రిలేల లోపల టంకం చుట్టూ జుట్టంత సన్నని పగులు ఏర్పడుతుంది. ఎండలో కారు కాగితే పగులు విచ్చుకుంటుంది, కిటికీలు తీసి చల్లబడగానే కలుస్తుంది. రిలే డబ్బా విప్పి భూతద్దంతో చూస్తే టంకం చుక్క చుట్టూ గిరి గీసినట్టు కనబడుతుంది. మళ్ళీ టంకం పెడితే సరి.

పంపు మోగింది. అయినా అందుకోలేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు డాష్‌బోర్డు మీద ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా ఇంజక్షన్ బండ్లలో, అన్నింట్లో కాదు, ముల్లు కొంచెం లేచి 200, 250 దగ్గర వణుకుతుంది. మామూలుగా లేచే ముల్లు ఇవాళ సున్నా దగ్గర పడుకుందంటే, ఇంజను తిరుగుతోందని కారు కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సర్ సంకేతం రావడం లేదు. మీ బండిలో మామూలుగా లేస్తుందో లేదో బాగున్న రోజునే చూసి ఉంచుకోవాలి. ఇదిగో, సిద్ధంగా ఉండటమంటే ఇదే.

క్రాంక్ సెన్సర్ వేడి మీద పోయి, అరగంట చల్లారాక తిరిగి లేచొచ్చే మహానుభావుడు. లోపలి సన్న చుట్టు వేడికి విచ్చుకుని తెగుతుంది, చల్లారితే అంటుకుంటుంది. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ టక్కున ఆగి, అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే కారుకి నేను మొదట చూడమనేది దీన్నే. రెండు వైర్ల రకమైతే మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి సెల్ఫ్ కొడితే అర వోల్టో ఆ పైనో కదలాలి. మూడు వైర్లున్నది హాల్ రకం (లోపల చిప్పు ఉండేది) అయ్యే అవకాశం ఎక్కువ. దానికి ఓమ్ మీటరు పెట్టొద్దు. కంప్యూటరు కోడ్లు చదివే పరికరం ఉంటే పి0335 అన్న కోడు కనబడొచ్చు. కోడు లేదని మాత్రం సెన్సర్‌ని నిర్దోషిగా వదిలేయకండి. ఒక్క క్షణం తప్పిన సంకేతాన్ని పాత కంప్యూటర్లు చాలాసార్లు పట్టించుకోవు.

స్పార్కు చూడాలంటే టెస్టరుతో చూడండి. ప్లగ్గు చేత్తో పట్టుకుని చూడొద్దు, వేల వోల్టులుంటాయి. నీలంగా, చటుక్కున చప్పుడుతో దూకాలి. పసుపుపచ్చగా నీరసంగా ఉంటే కాయిల్, కండెన్సర్ చూడాలి. వాన రోజే మొరాయించే డిస్ట్రిబ్యూటర్ బండి (ఒకే డబ్బా నుంచి ప్లగ్గులన్నిటికీ స్పార్కు పంచే రకం) అయితే ఆ డబ్బా మూత లోపల చూడండి. తేమ, లేదా పెన్సిలు గీతలా సన్నని నల్ల చార. ఆ చార బొగ్గు, స్పార్కు దాని మీదుగా దారి తప్పిపోతుంది. తుడిస్తే పోదు, మూత మార్చాల్సిందే. రాత్రిపూట ఇంజను తిరుగుతుండగా బానెట్ తీసి, స్ప్రేయరుతో ప్లగ్గు వైర్ల మీద నీటి తుంపర కొడితే నీలి మెరుపులు ఎక్కడ పారిపోతున్నాయో కళ్ళారా చూడొచ్చు. చేతులు మాత్రం దూరంగా.

వేడి మీద పావుగంట ఆపి తిప్పితే చాలాసేపటికిగానీ అందుకోని బండి ఉంటుంది. సెల్ఫ్ కొట్టకుండా తాళం మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి, ప్రతిసారీ పంపు ఆగేదాకా ఉండి, అప్పుడు కొట్టండి. వెంటనే అందుకుందా? అయితే గొట్టంలో ఒత్తిడి నిలవడం లేదు. పంపులోని వెనక్కి రానివ్వని కవాటమో, ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటరో, కారుతున్న ఇంజక్టరో (పెట్రోలు చిమ్మే ముక్కు). రెగ్యులేటరుకున్న సన్న వాక్యూమ్ గొట్టం పీకితే పెట్రోలు తడి ఉందా, లోపలి పొర చిరిగినట్టే. కారుతున్న ఇంజక్టరైతే స్టార్టవగానే పెట్రోలు వాసనతో నల్ల పొగ వస్తుంది. అలా పెట్రోలుతో మునిగిన ఇంజనుకి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. చాలా ఇంజక్షన్ బండ్లలో అలా తొక్కితే కంప్యూటరు ఇంజక్టర్లు మూసేస్తుంది, లోపలిది ఆరుతుంది.

ఇలా మునగడానికి ఇంకో కారణం ఇంజను వేడి ఎంతో చెప్పే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. ఇంజను కాగుతున్నా 'గడ్డకట్టిపోతున్నా' అని కంప్యూటరుకి అబద్ధం చెబుతుంది. ఎక్కువగా వాడే రకంలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 చుట్టుపక్కల ఉండాలి. డాష్‌బోర్డు మీది వేడి ముల్లు సరిగ్గానే చూపిస్తోంది కదా అంటారు. చాలా పాత బండ్లలో ముల్లుకి ఒక సెన్సర్, కంప్యూటరుకి ఇంకోటి. ముల్లుని సాక్షిగా తీసుకోవద్దు.

స్టార్టయి, ఒకటి రెండు సెకన్లు తిరిగి, గొంతు నొక్కినట్టు ఆగిపోతే ఇమ్మొబిలైజరు (తాళంలోని చిప్పుని గుర్తుపడితేనే ఇంజనుని నడవనిచ్చేది) మీద కన్నెయ్యండి. తాళం బొమ్మ లైటు మిణుకుమిణుకుమంటోందా? గుత్తిలోని మిగతా తాళాలు తీసేసి, రెండో తాళంతో ప్రయత్నించండి. దానితో ఎప్పుడూ ఆగకపోతే జబ్బు తాళంలోని చిప్పులో.

పాత డీజిల్ గురించి ఒక్క మాట. రాత్రంతా ఆగితే పొద్దున చాలాసేపు కొట్టాలి, తర్వాత రోజంతా బాగుంటుంది అంటే గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజనుని లోపల వేడిచేసేవి), లేదా గొట్టంలోకి గాలి. ఏది? వెచ్చటి రోజుల్లో కూడా అలాగే ఉంటే గాలి. పంపు దగ్గర గొట్టం ముక్క పారదర్శకమైనది వేస్తే బుడగలు కనబడతాయి.

దొంగకి ఉచ్చు

ఇప్పుడు నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. బానెట్ ఎత్తేలోపు జబ్బు మాయమయ్యే బండికి ఏం చేయాలి? మూడు చిన్న 12 వోల్టుల బల్బులు తీసుకోండి, 5 వాట్లవి. ఒకటి సోలనాయిడ్ 50 వైరు నుంచి, ఒకటి ఫ్యూయల్ పంపుకి వెళ్ళే కరెంటు వైరు నుంచి, ఒకటి కాయిల్ ప్లస్ నుంచి. వైరు కలిపిన చోటే ఒక్కోదానికి 1 ఆంపు ఫ్యూజు పెట్టి, బల్బులు డ్రైవరు ముందుకి తెచ్చుకుని, రెండో కొస ఎర్త్‌కి. పసుపు రంగు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్లని మాత్రం ముట్టుకోవద్దు. ఎల్‌ఈడీ ఎందుకు కాదు? చిలుము గుండా కారే చిటికెడు కరెంటుకి కూడా ఎల్‌ఈడీ వెలిగిపోయి అంతా బాగుందంటుంది. బల్బు అబద్ధమాడదు, బలం తగ్గితే మసకబారుతుంది.

ఇక మామూలుగా బండి నడుపుకోండి. మొరాయించిన రోజున దిగక్కర్లేదు, సీట్లోంచే చూడండి. తిప్పినప్పుడు 50 బల్బు వెలిగి సెల్ఫ్ తిరగలేదా, సెల్ఫ్ వైపు వెళ్ళండి. వెలగలేదా, తాళం స్విచ్చి, రిలే వైపు. సెల్ఫ్ తిరుగుతుండగా కాయిల్ బల్బు ఆరిందా? పాత తాళం స్విచ్చిలో స్టార్ట్ స్థానానికి వెళ్ళేసరికి ఇగ్నిషన్ వదిలేయడం మామూలే. తాళం వదలగానే ఇంజను అందుకునే బండికి అదే జబ్బు. పంపు బల్బు వెలుగుతోంది, పంపు మోగడం లేదు, అంటే పంపు లేదా దాని ఎర్త్. అంతా వెలుగుతోంది, అయినా అందుకోలేదు, అయితే స్పార్కు, క్రాంక్ సెన్సర్.

ఓపిక లేనివాళ్ళు జబ్బుని రెచ్చగొట్టొచ్చు. వేడి మీద ఆగే బండికి అనుమానమున్న సెన్సర్‌కో రిలేకో హెయిర్ డ్రయ్యరు పెట్టండి, ఒక్కోసారి ఒక్కదానికే. వాన జబ్బుకి నీటి తుంపర. కుదుపు జబ్బుకి ఇంజను తిరుగుతుండగా వైర్ల కట్టని జానెడు జానెడు చొప్పున కదుపుతూ పోవడం. ఇంజను ఎక్కడ దగ్గితే అక్కడ.

నాలుగు రోజులు నిలబెడితే ఆగే బండి సంగతి మిగిలింది. బ్యాటరీ మైనస్ తీసి మధ్యలో ఆమ్మీటరు పెట్టండి, 10 ఆంపుల రేంజిలో. పెట్టాక సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. తలుపులు మూసి, అరగంట ఆగి చూడండి. 50 మిల్లీయాంపుల లోపు ఉంటే సరే. 500 ఉంటే? రోజుకి 12 ఆంప్-అవర్లు (ఆంపులని గంటలతో హెచ్చించిన లెక్క). 45 ఆంప్-అవర్ల బ్యాటరీ రెండు రోజులకి సగానికి పడుతుంది. ఒక్కో ఫ్యూజూ పీకుతూ ఏది పీకితే అంకె పడిందో చూడండి. డిక్కీ లైటు, అతుక్కుపోయిన రిలే, తర్వాత బిగించిన స్టీరియో లేదా అలారం, ఇవి మామూలు దొంగలు. ఏ ఫ్యూజుకీ తగ్గకపోతే ఆల్టర్నేటరు లావు వైరు తీసి చూడండి. బ్యాటరీ మైనస్ విప్పాకే సుమా. లోపలి డయోడ్లు కారుతుండొచ్చు.

చివరగా, బాగైందని ఎప్పుడు అనుకోవాలి? వారానికోసారి ఆగే బండి వారం బాగుంటే అనుకోవద్దు, కనీసం మూడు నాలుగు వారాలు చూడండి. తీసేసిన పాత రిలేనో సెన్సర్‌నో పారేయకుండా, వేడి చేసి మీటరు పెట్టి చూడండి, లేదా మళ్ళీ బండికే తగిలించి చూడండి. పాతదానితో జబ్బు తిరిగొస్తే దొంగ అదే. అప్పటిదాకా ఆ మూడు బల్బుల వైర్లూ పీకకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. బండి ఏ రకం శబ్దం చేస్తోందో ముందు చెప్పి, ఆ తర్వాత అడగండి.